ఫాసిల్ పాషాణమా, లాటినా? పెద్దబాపు పుస్తకం మీద నా పేరు వేయమంటున్నారు

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా నుంచి ఒక చెల్లెలు రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దు, ఊరు వద్దు అంది కాబట్టి గుర్తుపట్టే వివరాలు తీసేసి సంగతి మాత్రం చెబుతాను.

ఆమెకి ముప్పై దాటాయి. మరాఠీ మీడియం హైస్కూల్లో సైన్సు టీచరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, క్లాసులో చాలామంది పిల్లల ఇళ్లలో గోండి. తండ్రి లారీల మీద తిరిగే మనిషి, నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. కాబట్టి ఆమెని పెంచిందీ చదివించిందీ తండ్రి అన్న. పెద్దబాపు అంటుంది ఆయన్ని. రిటైర్డు టీచరు. మరాఠీ బడిలో తెలుగు అక్షరాలు చెప్పరు కదా, సాయంత్రాలు అరుగు మీద కూర్చోబెట్టి అఆలు దిద్దించింది ఆయనే, చంద్రపూర్‌లో బీఎస్సీకీ ఆ తర్వాత బీఎడ్‌కీ ఫీజులు కట్టిందీ ఆయనే.

పెద్దబాపుకి ఒక నమ్మకం ఉంది. ఇంగ్లీషులో ఉన్న సైన్సు మాటలన్నీ మన సంస్కృతం నుంచి పోయినవే అని. అన్నిట్లోకీ ఆయనకి ముద్దొచ్చే మాట ఫాసిల్, మనం శిలాజం అంటామే అది. పాషాణం అంటే సంస్కృతంలో రాయి కదా, "పాషాణం, పాషాల్, ఫాసిల్" అని మూడు మెట్లలో ఎక్కించి చూపిస్తారట. రాయిగా మారిన చెట్ల దుంగలూ డైనోసార్ ఎముకలూ దొరికే నేల అది, వడధం దగ్గర ఫాసిల్ పార్కే ఉంది, కాబట్టి చదువు లేనివాళ్లకి కూడా అక్కడ ఆ మాట తెలుసు. ఆయన చెప్పేది తప్పని ఈ చెల్లెలికి బీఎడ్ చదివే రోజుల్లోనే తెలిసింది. కానీ ఎప్పుడూ నోరు విప్పలేదు.

ఫిబ్రవరి 28, సైన్సు దినం. బడిలో ప్రదర్శన. ఈమె ఫాసిళ్ల బల్ల పెట్టింది, దాని మీద రాతి దుంగ ముక్క, పక్కనే గిన్నెలో నీళ్లు, తడి గుడ్డతో తుడిస్తే లోపలి వలయాలు తేలి కనిపిస్తాయని పిల్లల చేత తుడిపిస్తోంది. ముఖ్య అతిథి పెద్దబాపే, పిలిచింది కూడా ఈమే. ఆయన మైకు పట్టుకుని పాషాణం దగ్గర మొదలుపెట్టారు. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు లేచి, "సర్, మా మేడం అది లాటిన్ అని చెప్పింది" అన్నాడు. ఆయన ఈమె వైపు చూశారు. ఈమె "అవును పెద్దబాపూ, లాటినే" అనేసింది. ఆయన చేతిలో ఉన్న కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని కూర్చున్నారు. ఆ రోజు నుంచి వీళ్ల గుమ్మం తొక్కలేదు. "అంతమంది ముంగట నన్ను తక్కువ చేసింది" అని పెద్దమ్మతో అన్నారట.

ఇప్పుడు ఆయన మంచిర్యాలలో ఒక చిన్న పుస్తకం వేయించుకుంటున్నారు. మొదటి అధ్యాయం ఇదే. పెద్దమ్మతో కబురు పంపారు: పుస్తకం మరాఠీలో కూడా రావాలి, తర్జుమా నువ్వే చెయ్యాలి, అట్ట మీద నీ పేరు, బీఎస్సీ బీఎడ్‌తో సహా పడాలి. అమ్మేమో "ఒక్క మాట కోసం పెద్దమనిషిని ఉసురు పెడతావా" అంటోంది. భర్త "రాయి ఏ భాషదైతే మనకేంది" అని నవ్వేస్తున్నాడు. ఆమె అడిగినవి మూడు. నేను చెప్పింది నిజంగా సరేనా, ఎక్కడో ఏదో సంబంధం ఉండే వీలుందా? పేరు వేయనివ్వాలా వద్దా? బడిలో గోడ మీద ఈ మాట గురించి రాయమంటున్నారు, ఏం రాయాలి? ఉత్తరం చివర, సంతకం కింద, ఇంకో వాక్యం ఉంది: "నాకు ఏ భాషా పూర్తిగా రాదక్కా, అందుకే గట్టిగా వాదించలేను."

చెల్లీ, మొదటి దానికి సూటిగా జవాబు: నువ్వు చెప్పిందే సరి. ఇందులో సగం సగం ఏమీ లేదు. లాటిన్‌లో ఫోదెరె అంటే తవ్వడం. తవ్వినది ఫోస్సుస్. తవ్వి తీసినది ఫోస్సిలిస్. అక్కడి నుంచి ఫ్రెంచి వాళ్ల నోట పడి ఇంగ్లీషులోకి వచ్చింది ఫాసిల్. ఆ మాట పుట్టినప్పుడు దానికి జంతువుతో సంబంధం లేదు, చెట్టుతో లేదు, పాత కాలంతో లేదు. భూమిలోంచి తవ్వి తీశావా, అయితే అది ఫాసిల్. ఉప్పు కావచ్చు, ఇనుప రాయి కావచ్చు, కెంపు కావచ్చు.

దీనికి కాగితం మీద సాక్ష్యం ఉంది. గనుల ప్రాంతంలో వైద్యం చేసుకుంటూ బతికిన అగ్రికోలా అనే జర్మన్ ఆయన 1546లో లాటిన్‌లో ఒక పుస్తకం వేశాడు, పేరు దె నాటురా ఫోసిలియుమ్. పేరు చూసి డైనోసార్ల పుస్తకం అనుకుంటాం, తెరిస్తే నిండా ఖనిజాలూ రత్నాలూ లోహాలూ. (ఆయన అసలు ఇంటిపేరు బావర్, అంటే రైతు. పండితుడు కాగానే దాన్ని లాటిన్ చేసుకుని అగ్రికోలా అయ్యాడు. మన దగ్గర చదువుకున్నవాళ్లు ఊరిపేరుని సంస్కృతంలోకి మార్చుకున్నట్టే, ఈ సరదా అన్ని దేశాల్లోనూ ఉంది.) తర్వాత 1565లో స్విట్జర్లాండ్ పండితుడు గెస్నర్ ఇలా తవ్వి తీసిన వాటి మీదే ఇంకో పుస్తకం వేసి, అందులో గవ్వలాగా చేపలాగా కనిపించే రాళ్ల బొమ్మలు చెక్కించి పెట్టాడు. అవి నిజంగా ఒకప్పటి ప్రాణులా, లేక భూమి తనంతట తాను వేసుకున్న ఆకారాలా అన్న తగాదా చాలాకాలం నడిచింది. 1666లో ఇటలీలో పట్టుబడ్డ ఒక పెద్ద సొరచేప తలని స్టెనో అనే డెన్మార్క్ వైద్యుడు కోసి చూసి, జనం నాలుక రాళ్లు అని పిలుచుకుంటున్నవి సొరచేప పళ్లేనని తేల్చాడు. 1796లో ఫ్రాన్సులో క్యూవియే పాత ఏనుగుల ఎముకలని ఇప్పటి ఏనుగులతో పోల్చి, ఆ జాతి భూమ్మీద ఇక లేదని చూపించాడు. ఇలాంటి పనులు జరిగేకొద్దీ, ఉప్పూ రత్నాలూ ఒక్కొక్కటే ఆ మాటలోంచి బయటికి పోయాయి, ఒకప్పటి ప్రాణి ఆనవాళ్లు మాత్రం మిగిలాయి.

పాత అర్థం ఇప్పటికీ ఒక చోట బతికే ఉంది, అది మీ బల్లార్‌పూర్ గనుల్లో. బొగ్గుని ఫాసిల్ ఫ్యూయెల్ అంటారు కదా. 18వ శతాబ్దంలో ఆ జంట మాట మొదలైనప్పుడు దాని అర్థం తవ్వి తీసిన వంటచెరకు అనే, కట్టెలకి వేరుగా చెప్పడానికి.

ఇప్పుడు పెద్దబాపు ఎక్కడ దారి తప్పారో చూడు, ఇది నాకు చాలా ఆసక్తిగా అనిపించింది. ఆయన మొదలుపెట్టింది లాటిన్ మాట దగ్గర కాదు. మన మాట దగ్గర. తెలుగులో శిలాజం, మరాఠీలో జీవాశ్మం. శిలాజంలో శిల ఉంది, జీవాశ్మంలో అశ్మం ఉంది, రెండూ రాయే. కాబట్టి ఫాసిల్ అంటే రాయి అనే లెక్క మనసులో పడిపోయింది, ఇక సంస్కృతంలో రాయికి ఫాసిల్‌కి దగ్గరగా వినిపించే మాట ఏదని వెతికారు, పాషాణం దొరికింది. కానీ ఆ రాయి మన పండితులు మాట తయారుచేసేటప్పుడు పెట్టింది. లాటిన్ మాటలో రాయి లేనే లేదు! సైబీరియా మంచులో బొచ్చుతో సహా దొరికిన పాతకాలపు ఏనుగు మామత్‌ని ఫాసిల్ అనే అంటారు. చెట్టు బంక గట్టిపడి అందులో చిక్కుకుపోయిన చీమ కూడా ఫాసిలే. వాటిలో పాషాణం ఎక్కడుంది?

ఇంకొకటి, శబ్దం సంగతి. ఆయన టీచరు కాబట్టి ఈ భాగం ఆయనకే ఎక్కువ పడుతుందని నా నమ్మకం. సంస్కృతానికీ లాటిన్‌కీ చుట్టరికం ఉన్న మాట నిజం. 1786లో కలకత్తాలో జడ్జి విలియం జోన్స్ చెప్పిన దగ్గర్నుంచి దాని మీద రెండు వందల ఏళ్లకి పైగా పని జరిగింది. అయితే అది తల్లీకూతుళ్ల చుట్టరికం కాదు, అక్కచెల్లెళ్లది, రెండూ ఇంకా పాత భాష ఒకదాన్నుంచి వచ్చాయి. వాటి మధ్య శబ్దాలు ఇష్టమొచ్చినట్టు మారవు, ఒక పద్ధతి ఉంటుంది. సంస్కృతంలో ప ఉన్న చోట లాటిన్‌లోనూ మామూలుగా ప ఉంటుంది: పితృ అంటే పాతెర్, పాదం అంటే పెస్. లాటిన్ మాట మొదట్లో ఫ ఉంటే మన వైపు తరచుగా భ గానీ ధ గానీ ఉంటుంది: భ్రాతృ అంటే ఫ్రాతెర్, ధూమం అంటే ఫూముస్. పాషాణానికి లాటిన్‌లో అక్క ఎవరైనా ఉంటే ఆమె ప తోనే మొదలవ్వాలి. ఫాసిల్ గుమ్మంలోనే ఆగిపోయింది.

ఇక్కడ ఆయన తప్పకుండా ఒక దెబ్బ తీస్తారు, సిద్ధంగా ఉండు. "మరి పితృ ఫాదర్ ఎట్లయింది, పాదం ఫుట్ ఎట్లయింది, అక్కడ ప ఫ అయ్యింది గదా" అంటారు. మంచి ప్రశ్నే. జవాబు ఏమిటంటే ఫాదర్, ఫుట్ ఇంగ్లీషు వాళ్ల సొంత ఇంటి మాటలు, వాళ్ల పూర్వీకుల నోట్లో క్రీస్తు పుట్టక ముందో ఆ దగ్గర్లోనో ప ఫ అయిపోయింది. ఫాసిల్ అలా వచ్చిన మాట కాదు. 17వ శతాబ్దం నాటికి తయారైన సరుకుగా లాటిన్, ఫ్రెంచి పుస్తకాల్లోంచి దిగింది, దాని ఫ లాటిన్‌లోనే ఉంది. ఆ పైన "పాషాల్" అన్న నడిమి మెట్టు ఏ గ్రంథంలో ఉందో చూపించమని అడగవచ్చు, కానీ అది మాత్రం నువ్వు అడగకు. అది ఆయనంతట ఆయన వెతుక్కుని లేదని తెలుసుకోవాల్సిన విషయం. నువ్వు అడిగితే మళ్లీ మైకు ముందు నిలబెట్టినట్టే ఉంటుంది.

సరే, ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం.

అమ్మ ఒక్క మాట కోసం అంటోంది. ఆయనకి అది ఒక్క మాట కాదు, నీకూ కాదు. ఇంగ్లీషు పుస్తకాల ముందు చేతులు కట్టుకుని నిలబడిన తరం ఆయనది, మరాఠీవాళ్ల మధ్య తెలుగు మనిషిగా ఉద్యోగం చేశారు, ఇది కూడా మనదే అనిపించే మాట ఒకటి దొరికితే వదలబుద్ధి కాదు. నువ్వు లాటిన్ అన్నప్పుడు ఆయనకి వినిపించింది "మనది కాదు" అని. పైగా అన్నది తాను అక్షరాలు దిద్దించిన పిల్ల. కోపం రావడం వింతేమీ కాదు.

అలాగని ఆ రోజు నువ్వు చేసింది తప్పని నేను అనను. పిల్లవాడు నీ పాఠం గుర్తుపెట్టుకుని అడిగాడు, వాడి ముందు నువ్వు మాట మార్చి ఉంటే ఇంకెప్పుడూ లేచి అడిగేవాడు కాదు. నీ వైపు లోటు ఉంటే అది వేరే చోట ఉంది. బీఎడ్ రోజుల నుంచి తెలుసన్నావు. ముఖ్య అతిథిగా పిలిచావు, ఆయన ఏం మాట్లాడతారో నీకు తెలుసు, ముందు రోజు ఇంటికెళ్లి చెవిలో వేయలేదు. క్షమాపణ అడగాలనిపిస్తే దానికి అడుగు. "పెద్దబాపూ, నాకు ముందే తెలుసు, నీకు ముందే చెప్పకపోవుడు నాదే తప్పు" అను. లాటినే అన్నందుకు మాత్రం అడగొద్దు, అడిగితే రేపు పుస్తకం మీద పేరు వేయడానికి ఒప్పుకున్నట్టే.

పేరు సంగతి. గొడవెందుకని అనువాదం చేసేసి పేరు వేయించుకుంటే ఏమవుతుందో ఒకసారి ఊహించు. ఇల్లు చల్లబడుతుంది, పెద్దబాపు మళ్లీ టీకి వస్తారు, అది చిన్న విషయమని నేను అనను. కానీ మీ తాలూకాలో సైన్సు టీచరు పేరు అంటే ముద్ర. మీ బడి పిల్లలే చదువుతారు, ఆ తొమ్మిదో తరగతి వాడు కూడా చదువుతాడు, మేడం బడిలో ఒకటి చెప్పి పుస్తకంలో ఒకటి రాసింది అనుకుంటాడు. ఇంకో సంగతి, రాళ్లు చూడ్డానికి మీ వైపు భూగర్భ శాస్త్రం వాళ్లు వచ్చిపోతుంటారు. పెద్దబాపు ఎంతో సంతోషంగా వాళ్ల చేతిలో ఒక ప్రతి పెడతారు. వాళ్లు మొదటి పేజీలో ఏం చదువుతారో, ఏ మొహం పెడతారో నీకు తెలుసు. అప్పుడు ఆయన పక్కన నువ్వు ఉండవు. అంటే ఇప్పుడు పేరు ఇచ్చి ఆయన్ని సంతోషపెట్టడం, రేపు కొత్తవాళ్ల ముందు ఆయన్ని ఒంటరిగా వదిలేయడమే.

తర్జుమా చేస్తాను గానీ పేరు వద్దు అనడం ఇంకో దారి. చాలామంది ఇదే చేస్తారు, నాకు నచ్చని దారి ఇదే. ఆయనకి కావలసిందే నీ పేరు, దాన్ని కారణం చెప్పకుండా తీసేస్తే "నా పుస్తకం దీనికి నామోషీ అయింది" అనుకుంటారు. ఆ తప్పు మాత్రం నీ మరాఠీ వాక్యాల్లోనే ఊరంతా తిరుగుతుంది.

అస్సలు చెయ్యను అనేస్తే నీకు వారం రోజులు హాయిగా ఉంటుంది. తర్వాత ఆ చలి అంతా అమ్మ మీదా పెద్దమ్మ మీదా పడుతుంది, పండక్కి ఎవరు ఎవరింటికి వెళ్లాలన్న దగ్గర మొదలవుతుంది. ఆయన ఇంకెవరి చేతో రాయించుకుంటారు, పుస్తకం ఎలాగూ వస్తుంది. ఆఖరికి ఇదే మిగలవచ్చు, కానీ మొదటే దీని దగ్గరికి పోకు.

అనువాదకురాలి గమనిక పెట్టడం ఒకటుంది. పుస్తకం మొత్తం నిజాయితీగా మరాఠీలోకి మార్చి, ఆ పేజీ అడుగున నీ పేరుతో రెండు ముక్కలు: "ఈ పదం విషయంలో రచయిత అభిప్రాయం ఇది. నిఘంటువులు దీన్ని తవ్వడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి వచ్చిందని చెబుతాయి." అంతే, ఎక్కువ వద్దు. మన వ్యాఖ్యాతలు మూల గ్రంథానికి దణ్ణం పెట్టి కిందనే తమ అభ్యంతరం రాసుకున్నవాళ్లే, టీచరుగా ఆయనకి ఇది తెలియని సంగతి కాదు. కాకపోతే ప్రూఫులో ఆయన తనంతట తాను చూసి ఉలిక్కిపడకూడదు, ముందే చెప్పి పెట్టాలి. ఒప్పుకోకపోతే పేరు ఇవ్వకపోవడానికి నీ దగ్గర చెప్పదగిన కారణం ఉంటుంది, ఇంట్లోవాళ్లకి కూడా అర్థమయ్యే కారణం.

నన్నడిగితే వీటన్నిటికన్నా ముందు ఆయనతో కూర్చోవడం ఉంది. పుస్తకం అచ్చు కాకముందే. అమ్మ వద్దు, మీ ఆయన అసలే వద్దు, రాయి జోకు అక్కడ వేశాడంటే పని అయిపోయినట్టే. మొబైల్లో చూపించకు, ఫోన్లో కనిపించే దాన్ని ఆ వయసువాళ్లు ఫార్వర్డు మెసేజీలతో సమానంగా చూస్తారు, అందులో న్యాయం కూడా ఉంది. బడి లైబ్రరీలో పెద్ద ఇంగ్లీషు నిఘంటువు ఉంటే అది పట్టుకెళ్లు, మాటల పుట్టుక ఇచ్చే రకం. ఇంకా, ఫాసిల్‌తో మొదలుపెట్టకు. ఇగ్నియస్‌తో మొదలుపెట్టు. లావా చల్లారితే ఏర్పడే రాళ్లని ఇంగ్లీషులో ఇగ్నియస్ అంటారు, మహారాష్ట్రలో చాలా భాగం ఆ నల్లరాయి మీదే ఉంది, ఆరున్నర కోట్ల ఏళ్ల నాటిది. ఆ మాట లాటిన్ ఇగ్నిస్ నుంచి వచ్చింది, నిప్పు అని అర్థం, ఇగ్నిస్‌కి మన అగ్ని అచ్చమైన తోబుట్టువు. ఇది ఎవరూ కాదనలేని సంగతి, ఏ నిఘంటువు తెరిచినా ఉంటుంది. ఆయనకి ఇన్నాళ్లూ కావలసింది ఇదే, దొరికింది మాత్రం వేరేది. అధ్యాయం పేరు పాషాణం బదులు అగ్ని అయితే ఆయన రాసుకున్నదాంట్లో సగం నిలుస్తుంది, "అక్కడికి పోయింది" అన్న చోటల్లా "చుట్టం" అని మార్చుకుంటే చాలు.

ఇక మననుంచే నిజంగా పోయిన మాటలు కావాలంటే వాటికి సంస్కృతం దాకా వెళ్లే పని లేదు. ఇంగ్లీషులో బాండికూట్ అంటే మన పందికొక్కే, తెలుగు మాట, ఇంగ్లీషు నోట్లో అలా అయింది. జంతు శాస్త్రంలో ఆ ఎలుకల జాతి పేరు కూడా బాండికోటా. ఆస్ట్రేలియాలో సంచి ఉన్న ఒక జంతువుకి కూడా ఈ పేరే తగిలించారు, అక్కడివాళ్లకి అది తెలుగని తెలుసో లేదో. మాంగూస్ మరాఠీ ముంగూస నుంచి వెళ్లింది, అది మన ముంగిసే, మీ ఇంట్లో రెండు భాషలకీ వాటా ఉన్న మాట. ఆస్ట్రేలియా, ఆఫ్రికా, అంటార్కిటికా అన్నీ కలిసి ఉన్న పాత ఖండానికి ప్రపంచమంతా గోండ్వానా అంటుంది, అది నీ క్లాసులో కూర్చున్న పిల్లల తాతల పేరు.

అన్నిటికన్నా మీ నేల మీదే ఉంది ఒకటి. కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు సిరొంచ ప్రాంతంలో తవ్విన పెద్ద డైనోసార్, మూడు వందల దాకా ఎముకలు, దొరకంది పుర్రె ఒక్కటే, పళ్లు మాత్రం కొన్ని దొరికాయి. తవ్వకం జరిగిన కాలంలోనే, 1961లో, రవీంద్రుడి శతజయంతి వచ్చింది. 1975లో పేరు పెట్టారు, బారాపాసారస్ టాగోరై. బెంగాలీలో బడా పా, అంటే పెద్ద కాలు, సారస్ గ్రీకులో బల్లి, చివర టాగూర్. ఒక్క పేరులో బెంగాలీ, గ్రీకు, లాటిన్ వ్యాకరణం, మీ ఊరి ఎముకలు. ఆ ఎముకలున్న రాతి పొరల పేరు కోటా ఫార్మేషన్, ప్రాణహిత ఒడ్డున ఉన్న కోట గ్రామం పేరు. అదే పేరుతో కోటాసారస్ అని ఇంకో డైనోసార్ నదికి ఇవతల మా వైపు యామన్‌పల్లి దగ్గర దొరికింది, దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో నిలబెట్టి ఉంది. ఈ రెండు పేర్ల మీద పెద్దబాపు ఒక అధ్యాయం రాస్తే ఎవరూ వేలు పెట్టలేరు, దాని మరాఠీ తర్జుమా మీద నువ్వు పేరు పెద్ద అక్షరాల్లో వేయించుకోవచ్చు.

ఒక జాగ్రత్త. తెలుగు సంస్కృతంలోంచి పుట్టలేదు, వేరే కుటుంబం, 1816లోనే మద్రాసులో ఎల్లిస్ అనే ఆంగ్లేయ అధికారి తెలుగు వ్యాకరణం ముందుమాటలో అది చూపించాడు అన్న సంగతి అదే రోజు ఎత్తకు. అది కూడా నిజమే, నువ్వు చెప్పి తీరాల్సిందే, కానీ ఒకే పూట రెండు వైపులా తగాదా పెట్టుకుంటే ఆయనకి నిలబడే చోటు ఉండదు.

ఆయన వినకపోవచ్చు. "నువ్వు చదివిన నాలుగు పుస్తకాలతోటి నాకు చెప్తవా" అనవచ్చు. అప్పుడు గమనిక మాట చెప్పు, దానికీ వద్దంటే పేరు ఇవ్వలేనని చెప్పి టీ తాగి రా. ఆ తర్వాత వారం కూడా వెళ్లు, పుస్తకం ఊసెత్తకుండా.

గోడ మీద ఏం రాయాలి అన్నావు. మూడు భాషల మాటలూ మూడు గీతల్లో పెట్టు. ఫాసిల్: లాటిన్ మాట, తవ్వి తీసినది. జీవాశ్మం: మరాఠీలో వాడే మాట, ప్రాణి ఉన్న రాయి. శిలాజం: తెలుగులో వాడే మాట, రాతిలో పుట్టినది. నాలుగో గీత ఖాళీగా వదిలి గోండి పిల్లల్ని ఇంట్లో పెద్దవాళ్లు ఆ రాతి దుంగల్ని ఏమంటారో అడిగి రాయమను. పక్కన కుర్రాళ్లకి ఇంకో ఆట పెట్టవచ్చు, గోండిలో మూండ్, నాలుంగ్ అంటే తెలుగులో మూడు, నాలుగు. ఇలాంటి జతలు ఎన్ని దొరుకుతాయో చూడమను. చుట్టరికం అంటే ఏమిటో ఎవరి ప్రసంగం లేకుండానే వాళ్లకి తెలుస్తుంది. పాషాణం మాట గోడ మీద ఎక్కడా వద్దు, ఖండిస్తూ కూడా వద్దు.

ఆఖర్న రాసిన వాక్యం ఉందే, ఏ భాషా పూర్తిగా రాదని. ఇంగ్లీషులో చదివింది మరాఠీలో చెప్పావు, గోండి ఇంటి పిల్లవాడికి అది గుర్తుండిపోయింది, పెద్దబాపుకి తెలుగులో జవాబు చెప్పావు. దీన్ని రాకపోవడం అంటారా? తెలుగు చదవడం తడబడుతుందని రాశావు, అది నిజమే అయి ఉంటుంది, దానికి మందు కూడా ఈ పుస్తకంలోనే ఉంది. తర్జుమా సంగతి తర్వాత, ముందు తెలుగు ప్రూఫులు నేను చదివి వినిపిస్తా, తప్పులు పోతే నువ్వు చెప్పు అని ఆయనతో అను. పైకి చదివేటప్పుడు మొదటి అధ్యాయం ఎలాగూ మొదట వస్తుంది, అక్కడ ఆగి మాట్లాడటానికి నీకు వేరే సందర్భం వెతుక్కునే పని ఉండదు. డీటీపీ దశలో అధ్యాయం మార్చడానికి పెద్దగా ఖర్చు కాదు, అచ్చు మొదలైతే కాగితాలన్నీ దండగ. కాబట్టి ముందు పెద్దమ్మకి ఫోన్ చేసి, మంచిర్యాల వాళ్లు ప్రూఫులు ఏ రోజు ఇస్తామన్నారో కనుక్కో.